తపాలుకు ఒక వేళ పెట్టండి: జిల్లా అధికారులకు ఒక మండల సూపరింటెండెంటు బహిరంగ లేఖ

గౌరవనీయులైన జిల్లా స్థాయి, రాష్ట్ర స్థాయి శాఖాధికారులకు,

నమస్కారములు.

నేను ఆంధ్రప్రదేశ్‌లో ఒక మండల పరిషత్ కార్యాలయంలో సూపరింటెండెంటును. జూనియర్ అసిస్టెంటుగా చేరినప్పటి నుంచి ఇరవై ఆరేళ్లుగా కాగితాలు అందుకోవడం, సెక్షన్లకు పంచడం, జవాబులు పంపడమే నా పని. ఈమెయిళ్లు, వాట్సాప్ ఆదేశాలు, టెలికాన్ఫరెన్సులు మా మీద వచ్చి పడుతున్న తీరు గురించి మా కార్యాలయ సిబ్బంది, మండలంలోని పంచాయతీ కార్యదర్శులు కలిసి రెండుసార్లు వినతిపత్రం ఇచ్చాం. మొదటిదానికి జవాబు రాలేదు. రెండోది పదకొండు రోజుల తర్వాత మా కార్యాలయానికే మెయిల్‌లో తిరిగి వచ్చింది. దాని మీద 'మోస్ట్ అర్జెంట్' అని ఉంది. కింద 'తగు చర్య తీసుకుని ఈ రోజు సాయంత్రం 5 గంటలలోగా నివేదిక పంపవలసినది' అని ఉంది. మా మొర మీద మేమే ఏం చర్య తీసుకోవాలో తోచక కాసేపు నవ్వుకున్నాం, ఆపైన నిజంగానే నివేదిక పంపాం. దాన్ని ఎవరైనా చదివిన జాడ ఇంతవరకు లేదు కనుక ఈసారి అందరి ముందూ రాస్తున్నాను.

పని భారం గురించి, ఖాళీల గురించి ఉద్యోగ సంఘాలు వేరుగా మాట్లాడుతున్నాయి. ఆ పని మా బల్ల దగ్గరకు వచ్చే తీరు ఒక్కదానికే ఈ లేఖను పరిమితం చేస్తున్నాను.

గత నెలలో ఒక మంగళవారం నాడు తెల్లకాగితం ఒకటి ముందు పెట్టుకుని, వచ్చిన ప్రతి ఆదేశానికీ వేళ రాసుకున్నాను. ఉదయం 7.50కి పారిశుధ్యం ఫొటోలు పంపమని వాట్సాప్ సందేశం. 9.35కి తాగునీటి బోర్ల వివరాలు కోరుతూ మెయిల్, దానికి జతగా ఎక్సెల్ ప్రొఫార్మా, అంటే మేం నింపి పంపవలసిన పట్టిక. 10.10కి అదే ప్రొఫార్మా వాట్సాప్ గ్రూపులో. 10.25కి 'మెయిల్ చూశారా' అని ఫోను. 11.05కి సవరించిన ప్రొఫార్మా వచ్చింది. ఒక గడి అదనంగా చేర్చారు, దాంతో అప్పటికే ఆరు పంచాయతీల నుంచి తెప్పించిన వివరాలు పనికిరాకుండా పోయాయి. 11.30 నుంచి 1.10 వరకు టెలికాన్ఫరెన్సు నడిస్తే అందులో మా మండలం వంతు రెండు నిమిషాలు. మధ్యాహ్నం 2.40కి ఆ బోర్ల వివరాలనే గూగుల్ షీట్‌లో ఎక్కించమన్నారు. 4.15కి సంతకంతో స్కాన్ చేసి మళ్లీ మెయిల్ చేయమన్నారు. 6.20కి 'ఇంకా పంపని మండలాలు' అన్న పట్టిక ఎర్ర రంగులో గ్రూపులోకి వచ్చింది, అందులో మా మండలం పేరు ఉంది. మేం 4.50కే పంపాం, పట్టిక తయారు చేసినవారు మెయిల్ తెరవలేదు. రాత్రి 9.40కి మరుసటి ఉదయం ఏడు గంటల టెలికాన్ఫరెన్సు గురించి కబురు వచ్చేసరికి నా కాగితం రెండో వైపుకు తిరిగింది.

ఆ రోజున నిజంగా కొత్త పని అంటూ వచ్చింది రెండే. మిగిలినదంతా ఆ రెండింటికి నీడ.

గడువుల సంగతి మీ దృష్టికి ప్రత్యేకంగా తేవాలి, ఎందుకంటే ఇది పైన కూర్చున్నవారికి కనిపించే అవకాశం తక్కువ. రాష్ట్ర కార్యాలయం ఒక సమాచారాన్ని ఎల్లుండి సాయంత్రానికి కావాలని అడుగుతుంది. అన్ని మండలాల నుంచి తెప్పించి కూర్చాలి కాబట్టి జిల్లా కార్యాలయం రేపు పదకొండు గంటలకల్లా అంటుంది. డివిజన్ ఈ రోజు ఐదింటికి అంటుంది. మండలంలో మేం మూడింటికి అంటాం. పంచాయతీ కార్యదర్శికి కబురు అందేసరికి రెండూ ఇరవై అవుతుంది. రెండున్నర రోజుల గడువు కాస్తా ఊళ్లోకి చేరేసరికి నలభై నిమిషాలైంది. ఇందులో ఏ ఒక్కరూ దుర్మార్గులు కారు. ప్రతివారూ తమ మీద మాట రాకుండా కొంచెం కొంచెం కోసుకున్నారు, అంతే. ఆ కోతలో నా కత్తెర కూడా ఉందని ఒప్పుకుంటున్నాను. జిల్లా నుంచి వచ్చిన మెయిల్‌ను చివరి వరకు చదవకుండా ఇరవై మంది కార్యదర్శులకు ఫార్వర్డ్ చేసి, 'వెంటనే' అని ఒక మాట తగిలించి చేతులు దులుపుకున్న రోజులు నాకూ ఉన్నాయి.

దీనివల్ల ఉద్యోగికి నిద్ర కరువవుతున్నదన్నది ఒక సంగతి. అది మా బాధ, మేం పడతాం. సామాన్య ప్రజల మీద పడుతున్న దెబ్బ మాత్రం ఎవరి లెక్కలోకీ రావడం లేదు కనుక వరుసగా మనవి చేస్తున్నాను.

1. గడువు మాకే కాదు, ప్రజలకూ ఉంటుంది. ఇంట్లో జరిగిన మరణాన్ని 21 రోజులలోగా పంచాయతీ కార్యదర్శి దగ్గర నమోదు చేయించాలి. అది దాటితే ఆలస్య రుసుము, 30 రోజులు దాటితే పై అధికారి రాతపూర్వక అనుమతి. మా మండలంలో ఒక వ్యవసాయ కూలీ చనిపోతే, బెంగళూరులో కట్టడం పనులు చేసుకునే కొడుకు దినాలు ముగిశాక తల్లిని వెంటబెట్టుకుని గ్రామ సచివాలయానికి వచ్చాడు. మొదటి రోజు కార్యదర్శి వీడియో కాన్ఫరెన్సులో ఉన్నాడు. రెండో రోజు ఏదో సర్వే యాప్ గడువు ముగుస్తుందని ఊరి మీద ఉన్నాడు. కొడుకు సెలవు అయిపోయి బెంగళూరు బస్సెక్కాడు. మూడోసారి ఆవిడ ఒక్కతే వచ్చింది. చెవికి ఫోను, చేతిలో ప్రొఫార్మాతో ఉన్న కార్యదర్శి ఎదుట చాలాసేపు నిలబడి, 'బాబూ, ఆ ఫోనులో ఆయన్ని ఒక్క నిమిషం ఆగమని చెప్పరాదా' అంది. ఆయన చెప్పలేకపోయాడు. ఆ నమోదు ఇరవై నాలుగో రోజున జరిగింది. రుసుము చిన్నదే, కానీ మూడు రోజుల కూలి పోయింది. బ్యాంకులో ఉన్న నాలుగు రూపాయలు తీసుకోవాలన్నా, పింఛను తన పేరున మారాలన్నా ఆవిడకు ఆ ధ్రువపత్రమే ఆధారం. పౌరుడు మండల కేంద్రం చుట్టూ తిరగకుండా ఊళ్లోనే పని జరగాలని 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు మొదలుపెట్టారు. ఇప్పుడు ఊళ్లోనే తిరుగుతున్నాడు.

2. తొందరలో పంపిన లెక్క తప్పుడు లెక్క అవుతుంది. పైన చెప్పిన బోర్ల ప్రొఫార్మా లాంటిదే పోయిన వేసవిలోనూ వచ్చింది. నలభై నిమిషాల్లో ఊరి బోర్లన్నీ చూసి రావడం ఏ కార్యదర్శి వల్లా కాదు. మా కార్యదర్శి ఒకాయన అంతకుముందు నెల పంపిన షీట్‌నే తేదీ మార్చి పంపేశాడు. అందులో ఊరి చివర కాలనీ బోరు 'పనిచేస్తున్నది' అని ఉంది. అది ఎండిపోయి అప్పటికి వారమైంది. ట్యాంకర్ల జాబితా ఆ షీట్ నుంచే తయారైంది కనుక తొమ్మిది రోజుల పాటు ఆ కాలనీ ఆడవాళ్లు బిందెలు పట్టుకుని పొలాల్లోని మోటార్ల దగ్గరకు నడిచారు. వాళ్లు సోమవారం నాడు ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చాకే తప్పు బయటపడింది. కార్యదర్శికి షోకాజ్ నోటీసు వచ్చింది. ఇవ్వవలసిందే, కాదనను. నలభై నిమిషాల గడువు మాట మాత్రం ఆ నోటీసులో లేదు.

3. రికార్డు మిగలడం లేదు. వాట్సాప్‌లో వచ్చిన ఆదేశానికి నంబరు ఉండదు, సంతకం ఉండదు. ఆ అధికారి బదిలీ అయితే ఫోనుతో పాటు అదీ పోతుంది. రికార్డులను జాబితాతో, సూచికతో క్రమంగా ఉంచాలని సమాచార హక్కు చట్టం, 2005 నాలుగో సెక్షన్ చెబుతున్నది. ఫలానా ఇంటి పట్టా జాబితా నుంచి తన పేరు ఎవరి ఆదేశంతో పోయిందని ఒక పౌరుడు దరఖాస్తు పెట్టుకుంటే, అతనికి ఇవ్వడానికి మా దగ్గర ఉన్నది ఒక స్క్రీన్‌షాట్. అదీ దొరికితే. సోమవారం నాడు సామాన్యుడిచ్చే అర్జీకి ఒక నంబరూ గడువూ ఉంటాయి. అతని బతుకును తేల్చే ఆదేశానికి మాత్రం నంబరు లేకపోవడం విడ్డూరం.

4. మాట మర్యాద తగ్గుతున్నది. పొద్దున్నుంచి పాతిక సార్లు 'ఇంకా పంపలేదేం' అనిపించుకున్న ఉద్యోగి, పాతిక్కి ఒక్కటి కలిపి ఎదుటి అర్జీదారు మీద విసుక్కుంటున్నాడు. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ జరుగుతున్నది.

ఒత్తిడిని మీరు గుర్తించలేదని అనను. మొన్నామధ్య జిల్లా కేంద్రంలో ఒత్తిడి నిర్వహణ మీద మాకు ఒక రోజు శిక్షణ పెట్టారు. శిక్షకురాలు మంచి మనిషి. కళ్లు మూసుకుని ఊపిరి మీద ధ్యాస పెట్టమన్నారు. మేం కళ్లు మూసుకున్నాం. బల్లల మీద ఫోన్లు కప్పల్లా ఎగరసాగాయి. ఫోన్లు సంచుల్లో పెట్టమని ఆవిడ రెండుసార్లు చెప్పినా ఒక్కరూ పెట్టలేకపోయాం, ఎందుకంటే ఆ శిక్షణ ఏర్పాటు చేసిన కార్యాలయం నుంచే పన్నెండింటి గడువుతో ప్రొఫార్మా వచ్చింది. సగం మంది ఒక కన్ను మూసి, రెండో కంటితో టైపు చేశారు.

మా వంతు మేం ఏమైనా చేశామా అని మీరు అడగవచ్చు. చేశాం. ఈ ఏడాది మొదట్లో మా కార్యాలయంలో ఒక పద్ధతి పెట్టుకున్నాం. కార్యాలయ మెయిల్‌ను జూనియర్ అసిస్టెంటు ఒక్కడే, రోజుకు మూడు వేళల్లో తెరుస్తాడు. వచ్చిన ప్రతి మెయిల్‌కూ ఇన్‌వర్డ్ రిజిస్టరులో నంబరు వేసి, 'ఎ' సెక్షన్, 'బి' సెక్షన్ అని అప్పుడే విడదీస్తాడు. మేం ఏమీ చేయనక్కర్లేని ప్రతులు నేరుగా ఒక ఫోల్డర్‌లోకి పోతాయి. ఉదయం రాగానే ప్రతి గుమస్తా ఆ రోజు కచ్చితంగా ముగించే పనులు మూడు చీటీ మీద రాసి బల్ల అద్దం కింద పెట్టుకుంటాడు, మూడుకు మించి రాయకూడదు. అర్జీదారు ఎదుట ఉన్నంతసేపు ఫోను చప్పుడు ఆపేయాలి. పద్దెనిమిది రోజులు హాయిగా నడిచింది. అర్జీల కట్ట కరిగింది. మా సీనియర్ అసిస్టెంటు ఒకావిడ వేళకు టిఫిన్ డబ్బా తెరవడం ఎన్నాళ్లకో చూశాను. పంతొమ్మిదో రోజున, ఉదయం 11.20కి వచ్చిన మెయిల్‌కు 12 గంటలకల్లా జవాబు ఇవ్వలేదని సంజాయిషీ కోరుతూ మెమో వచ్చింది. ఆ మధ్యాహ్నమే మెయిల్ మళ్లీ రోజంతా తెరిచి కూర్చోవడం మొదలైంది. మెయిల్‌ను అదుపులో పెట్టుకోవడమన్నది అందుకునేవాడు ఒక్కడే సాధించగలిగింది కాదు. పంపేవారు మీరు కనుక మిగిలిన సగం మీ చేతిలో ఉంది.

ఇందులో మేం కొత్తగా కనిపెట్టినది ఏమీ లేదు. డిపార్ట్‌మెంటల్ పరీక్షల కోసం మనమంతా బట్టీ పట్టిన డిస్ట్రిక్ట్ ఆఫీస్ మాన్యువల్ చెప్పిన పనే చేశాం. మద్రాసు రాష్ట్ర కాలం నుంచి నడుస్తున్న ఆ పద్ధతిలో ప్రతి కాగితానికీ ఒక నంబరు, ఒక గుమస్తా, ఒక ముగింపు ఉండేవి. పర్సనల్ రిజిస్టరు తిరగేస్తే ఏ కాగితం ఎవరి దగ్గర ఎన్నాళ్లుగా ఉందో తెలిసేది. ఎప్పుడెప్పుడు ఏ నివేదిక పంపాలో పీరియాడికల్ రిజిస్టరు ముందే చెప్పేది కాబట్టి ఎవరూ ఎవరికీ ఫోను చేయనక్కర్లేదు. పని ముగిసిన కాగితం, దాని మీద వేసిన అక్షరాలను బట్టి, ఆర్.డిస్. అయితే శాశ్వతంగా, డి.డిస్. అయితే పదేళ్లు, ఎల్.డిస్. అయితే ఏడాది బీరువాలో ఉండేది. ఆ అక్షరాలు వేసి కట్ట కట్టినప్పుడు గుమస్తాకు 'ఇది అయిపోయింది' అన్న నిశ్చింత కలిగేది. ఇప్పుడు ఏ పనీ అయిపోవడం లేదు. ఉదయం పంపిన సమాచారం సాయంత్రం ఇంకో గడి తగిలించుకుని తిరిగి వస్తుంది.

పాత గుమస్తా చాదస్తమని కొట్టిపారేయకుండా ఇంకో మాట కూడా వినండి. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన కుష్లెవ్, డన్ అనే పరిశోధకులు 124 మందిని తీసుకుని, ఒక వారం మెయిల్‌ను రోజుకు మూడుసార్లే చూడమని, ఇంకో వారం ఎన్నిసార్లైనా చూసుకోమని చెప్పి పోల్చారు. మూడుసార్లే చూసిన వారంలో రోజువారీ ఒత్తిడి తక్కువగా ఉందని 2015లో ప్రచురించారు. మన కార్యాలయాల్లో తపాలు సంచి వచ్చే వేళకే విప్పేవాళ్లం. ఆ శాస్త్రం మనకు అలవాటైనదే.

కనుక మేం కోరుతున్నవి ఇవి.

1. తపాలు వేళలు ప్రకటించండి. కార్యాలయం తెరవగానే ఒకసారి, మధ్యాహ్నం 2 గంటలకు ఒకసారి, 4 గంటలకు ఒకసారి మెయిల్ చూస్తే చాలునని రాతపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వండి. నాలుగు దాటాక వచ్చినది మరుసటి రోజు తపాలుగా లెక్క. ఈ ఉత్తర్వు లేనంతవరకు ఏ కిందిస్థాయి ఉద్యోగీ ధైర్యం చేసి మెయిల్ మూయలేడు.

2. ఒక ఆదేశం ఒకే దారిలో రావాలి. నంబరుతో, తేదీతో కార్యాలయ మెయిల్‌కు వచ్చినదే ఆదేశం. వాట్సాప్‌ను తుఫాను, వరద, అగ్నిప్రమాదం, అంటువ్యాధి లాంటి వాటికి ఉంచండి. అలాంటి వేళ అర్ధరాత్రి పిలిచినా వస్తాం. తుఫాను రాత్రుల్లో పునరావాస కేంద్రాల్లో వంట దగ్గర నిలబడింది ఈ కార్యదర్శులే.

3. గడువు రాసేటప్పుడు, మొదట అడిగిన కార్యాలయం పెట్టిన గడువును కూడా అదే మెయిల్‌లో చూపించండి. మధ్యలో ఎవరెంత కోశారో అందరికీ కనిపిస్తే కోత దానంతటదే తగ్గుతుంది. ఊరికి వెళ్లి కళ్లారా చూసి రాయవలసిన సమాచారానికి రెండు పనిదినాలకు తక్కువ గడువు పెట్టవద్దు. ఈ కోరికల్లో ఒక్కటే ఒప్పుకుంటామంటే ఈ మూడోదాన్ని ఒప్పుకోండి.

4. 'మోస్ట్ అర్జెంట్' అని రాసే అధికారి, ఎందుకు అర్జెంటో ఒక్క వాక్యం రాసి తన పేరు, హోదా పెట్టాలి. అన్నింటి మీదా ఆ ముద్ర ఉండబట్టే దేనిమీద ఉన్నా మేం చూడడం మానేశాం.

5. ప్రతి నెలా, ప్రతి మూడు నెలలకూ తప్పక వచ్చే నివేదికల క్యాలెండరును ఏడాది మొదట్లోనే ఇవ్వండి. ఒకటో తేదీ పింఛన్ల పంపిణీ, మూడో శనివారం స్వచ్ఛాంధ్ర కార్యక్రమం అందరికీ ముందే తెలిసినవి. ఆ రోజుల్లో వేరే నివేదికలు అడగకుండా ఉండడం కష్టమేమీ కాదు. ఇప్పటికే పోర్టల్‌లో ఎక్కించిన అంకెలను మళ్లీ ఎక్సెల్‌లో అడగవద్దు. చెప్పడానికేమీ లేనివారి చేత 'నిల్' నివేదికలు రాయించవద్దు.

6. రోజూ 11 నుంచి 1 గంట వరకు సచివాలయాల్లో ప్రజలను కలిసే వేళగా ప్రకటించి, ఆ రెండు గంటల్లో టెలికాన్ఫరెన్సులు, వీడియో కాన్ఫరెన్సులు పెట్టవద్దు. పెట్టినప్పుడు ఏ మండలం వంతు ఎప్పుడో ముందే చెబితే రెండు నిమిషాల మాట కోసం వంద నిమిషాలు కూర్చోనక్కర్లేదు.

7. సాయంత్రం 6 తర్వాత, సెలవు రోజుల్లో వచ్చిన సందేశానికి ఆ పూటే జవాబు ఇవ్వలేదన్న కారణంతో మెమో ఇవ్వవద్దు. ఫ్రాన్స్‌లో 2017 జనవరి నుంచి, ఆస్ట్రేలియాలో 2024 ఆగస్టు నుంచి పనివేళలు దాటాక వచ్చే పని సందేశాలకు జవాబు ఇవ్వకుండా ఉండే హక్కు ఉద్యోగికి చట్టంలో ఉంది. మన లోక్‌సభలో 2018లో ఎంపీ సుప్రియా సూలే ఇలాంటి ప్రైవేటు బిల్లు ప్రవేశపెట్టినా అది చట్టం కాలేదు. మేం చట్టం దాకా పోవడం లేదు, ఒక సర్క్యులర్ అడుగుతున్నాం.

వీటిలో దేనికీ పైసా ఖర్చు లేదు, కొత్త యాప్ అక్కర్లేదు. రాష్ట్రమంతటా ఒకేసారి వద్దనుకుంటే ఒక డివిజన్‌లో మూడు నెలలు నడిపి, ఆ మూడు నెలల్లో వచ్చిన అర్జీలు ఎన్ని రోజుల్లో తేలాయో అంతకుముందు మూడు నెలలతో పోల్చి చూడండి. మా డివిజన్‌ను తీసుకున్నా మాకు సమ్మతమే. రిజిస్టర్లు సిద్ధంగా ఉన్నాయి.

ఈ లేఖకు ఈ సాయంత్రం ఐదింటికే జవాబు రావాలని కోరడం లేదు. తీరిక చూసుకుని, చర్చించుకుని, ఒక నెలలోగా నంబరు వేసిన ఒక్క మెయిల్ పంపితే చాలు. 'తగు చర్య నిమిత్తం' అని దీన్ని కూడా మా కార్యాలయానికే పంపవద్దని మాత్రం ముందుగానే మనవి చేసుకుంటున్నాను.

ఇట్లు,
భవదీయుడు,
ఒక మండల పరిషత్ కార్యాలయ సూపరింటెండెంటు